షీటులో మిగిలిన జాగా

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. నా పనే అలాంటిది. కొలత సరిపోతే ముక్క బిగుస్తుంది, సరిపోకపోతే బిగవదు. మూడో సంగతికి అక్కడ చోటు లేదు. ఈ రెండు సంఘటనలూ జరిగేదాకా అలాగే అనుకున్నాను.

మాది కాకినాడ వైపు. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చాం. అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఎల్బీ నగర్ దాటాక ఉన్న ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో చేరాను. యజమాని యాదగిరి అన్న. అల్మారాలకూ వంటింటి అరలకూ కావలసిన చెక్కముక్కల్ని ప్లైవుడ్ షీటు మీద వృథా లేకుండా ఎలా అమర్చాలో కంప్యూటర్‌లో చూడటం నా పని. దీన్నే నెస్టింగ్ అంటారు. బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే ముక్కల్ని తిప్పి, జరిపి, ఇరికిస్తుంది. నేను సరిచూసి చెక్క కోసే మిషన్‌కు పంపిస్తాను.

బడంగ్‌పేట్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న ఇమ్మానుయేలు అనే ఆయన ఇంటి సామానంతా మాకు అప్పగించాడు. ఇంట్లో ఉండేది భార్య, తల్లి రత్నమ్మ, ఆయన. కొలతలకు వెళ్ళినప్పుడు రత్నమ్మగారిని చూశాను. చాలా పొడగరి. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి వచ్చి, నాకు మజ్జిగ ఇచ్చింది.

ఆ ఇంటి లేఅవుట్‌లోనే మొదటిసారి తేడా చూశాను. ముక్కలన్నీ ఒక పక్కకు చేరి, షీటులో రెండో పక్క పొడుగ్గా ఖాళీ మిగిలింది. తర్వాతి షీటులోనూ అంతే. ఆ ఖాళీల్లో పట్టే ముక్కలు బోలెడున్నా, వాటిని వదిలేసి సాఫ్ట్‌వేర్ కొత్త షీటు తీసుకుంటోంది. సెట్టింగులు మార్చాను. సిస్టమ్ ఆపి మళ్ళీ వేశాను. ఇంకో ఇంటి ఫైలు పెడితే చక్కగా అమర్చింది. ఈ ఇంటిదే ఇలా.

యాదగిరి అన్న వచ్చి తెర చూసి మొహం చిట్లించాడు. "ఏంది చెల్లె గిది? గింత జాగ ఎందుకు ఇడ్సిపెట్టింది?"

"తెలియట్లేదన్నా. ఎన్నిసార్లు చేసినా ఇదే వస్తోంది."

పని ఆలస్యమవుతోందని అలాగే కోసేశాం. చెక్క కొన్నది ఇమ్మానుయేలు కాబట్టి, మిగిలిన ముక్కల మీద ఆయన పేరు రాసి గోడకు ఆనించాం.

సామాను బిగించక ముందే ఒక ఉదయం ఇమ్మానుయేలు వర్క్‌షాపుకు వచ్చాడు. చెప్పులు కూడా లేవు కాళ్ళకు.

"అన్నా, మా అమ్మ పొద్దుగాల పోయింది. నిద్రలనే పోయింది. ఊరికి తీస్కపోవాలె. ఆమె పొడుగు మనిషి గదా, దొరికిన పెట్టెలు సరిపోతలేవు. నా కట్టె మిగిలింటే జర పెట్టె కొట్టియ్యవా?"

యాదగిరి అన్న ఆ ముక్కలు దించి నేల మీద పరిచాడు. కోయడానికి రంపం తీశాడు. కాసేపటికి దాన్ని పక్కన పెట్టేశాడు. అడుగు, మూత, రెండు పక్కలు, తల వైపు, కాళ్ళ వైపు, అన్నీ ఉన్నాయి. కోయాల్సిన పనే పడలేదు. మేకులు కొట్టడమే.

ఇమ్మానుయేలు శవపెట్టె తీసుకుని వెళ్ళాక అన్న నా దగ్గరికి వచ్చాడు. "గీ ముక్కలు ఎవరు కొల్సిండ్రు చెల్లె?"

"ఎవరూ కొలవలేదన్నా. అవి మిగిలిన ముక్కలు."

ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. యాదృచ్ఛికం అనుకున్నాను. అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను.

కొన్ని నెలలు మామూలుగానే గడిచాయి. తర్వాత సరూర్‌నగర్‌లో ఒక టీచర్‌గారి ఇంటి పని వచ్చింది. ఒక మధ్యాహ్నం బటన్ నొక్కాను. మళ్ళీ ఖాళీలు. ఈసారి చిన్నవి. సాఫ్ట్‌వేర్‌లోని స్కేలుతో కొలిస్తే పొడవు మూడున్నర అడుగులు కూడా లేదు.

రత్నమ్మగారి పెట్టె గుర్తొచ్చింది. టీచర్‌గారికి ఫోన్ చేశాను. కొలతలు ఒకసారి సరిచూసుకుందామని అబద్ధం చెప్పాను.

"మొన్ననే కొలుచుకెళ్ళారు కదండీ?" అంది. వెనకాల ఎవరో చిన్నపిల్ల గట్టిగా నవ్వుతోంది.

"మీ పాపాండీ? ఎన్నేళ్ళు?"

"నాలుగు నిండాయి. ఎందుకండీ?"

"రాసుకునే టేబుల్ ఎత్తు కోసమండీ" అని పెట్టేశాను. ఏమని చెప్పను? మా సాఫ్ట్‌వేర్ ఇలా చూపిస్తోంది, పాపను జాగ్రత్తగా చూసుకోండి అననా?

యాదగిరి అన్నను పిలిచి చూపించాను. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెర మీద ఒక్కో ఖాళీనీ వేలితో లెక్కపెట్టాడు. "ఆ జాగ ఉంచకు చెల్లె. షీట్లు ఎక్కువైనా ఏం గాదు. చెడగొట్టు."

షీటులో మిగిలే చెక్క ఎటూ పోదు. ఎంత జరిపినా అంతే మిగులుతుంది. కానీ దాన్ని చెదరగొట్టవచ్చు. ఒక్కో ముక్కను మౌస్‌తో పట్టుకుని ఆ ఖాళీల నడుమకు లాగాను. మిగులు ఇక్కడ బెత్తెడు, అక్కడ జానెడు అయ్యేదాకా, ఎక్కడా పెట్టె పలకకు పనికొచ్చేంత లేకుండా చేశాను. ఇన్నేళ్ళలో నేను వేసిన లేఅవుట్లలో అంత అధ్వాన్నమైనది లేదు. వెంటనే కోయించాం. మిగిలిన తునకల్ని అన్నే స్వయంగా ఇంకా చిన్నవి చేసి, పక్క హోటల్ పొయ్యిలోకి పంపేశాడు.

సామాను బిగించడానికి ఆయనే వెళ్ళాడు. తిరిగి వచ్చి హెల్మెట్ తీయకుండానే నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ పోరి సంపుల పడ్డదంట చెల్లె. నీళ్ళ ట్యాంకర్ వచ్చిందని మూత తీసిపెట్టిండ్రంట. వాచ్‌మన్ భార్య చూసి, జుట్టు పట్టి గుంజింది. దవాఖానల ఉంచి పంపిచ్చిండ్రు. ఇప్పుడు మంచిగనే ఉంది."

"ఎప్పుడన్నా?"

"మనం కోసిన్నాడే."

ఆయన బిగించగానే పాప కొత్త అల్మారా కింది అరలోకి ఎక్కి కూర్చుందట. తల్లి ఎంత బతిమాలినా దిగలేదట.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళ మనిషి వచ్చి అంతా పరీక్షించి, లోపమేమీ లేదన్నాడు. మా ఆయన రెండు సార్లూ కాకతాళీయమే అంటారు. కావచ్చు. నేను ఆ ఖాళీలు చెదరగొట్టడం వల్ల పాప బతికిందని చెప్పే ధైర్యం నాకు లేదు. చెదరగొట్టకపోయినా బతికేదని చెప్పే ధైర్యమూ లేదు.

నేనింకా అదే ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు కొత్త ఇంటి పని ఏది వచ్చినా, బటన్ నొక్కే ముందు ఫోన్ చేసి, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో, ఎవరు ఎంత ఎత్తో అడుగుతాను. అరల ఎత్తు కోసం అనుకుని అందరూ సంతోషంగా చెబుతారు.