ఎడమకు చూసే హ్యాండిల్

వానాకాలం కోతలైతే రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారని, మెదక్ నుంచి టేక్మాల్ దాకా రోజూ బండి మీద పోయే నాకు తెలియని సంగతి కాదు. వడ్ల మీద టైరు నిలవదని ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు ఏటా పిల్లలకు ఉదాహరణ ఇస్తాను కూడా. అయినా రెండేళ్ల కింద ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ, ఎదురొచ్చిన బస్సుకు దారి ఇవ్వబోయి బండిని వడ్ల మీదికి ఎక్కించాను. బండి ఒక పక్కకు, నేను ఒక పక్కకు పడ్డాం. పొలాల్లోంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. చెదిరిన వడ్లు ముందు కుప్పకు ఎత్తి, తరువాత నన్ను ఎత్తారు. నాకు మోచేయి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. బండికి మాత్రం హ్యాండిల్ వంగింది.

అప్పటి నుంచి నా బండి తిన్నగా పోవాలంటే హ్యాండిల్ ఎడమకు చూడాలి. నాకది వారంలో అలవాటైంది. వెనక కూర్చునే మా ఆవిడకు రెండేళ్లయినా అలవాటు కాలేదు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది, అర అంగుళం వంకర ఉన్నా ఆమె కంటికి ఆనుతుంది. బండెక్కిన ప్రతిసారీ, "మీ బండి సూపు ఒకదిక్కు, పోవుడు ఒకదిక్కు" అనేది. చివరికి మొన్న ఎండాకాలం నుంచి ఎక్కడమే మానేసి, బజారుకు ఆటోలో పోవడం మొదలుపెట్టింది.

మార్పించుకోవచ్చు కదా అంటారు. మా పాత మెకానిక్ దుకాణం మూసేసి, మనోహరాబాద్ దిక్కు ఏదో ఫ్యాక్టరీలో డ్యూటీకి కుదిరాడు. అతను లేకపోతే ఊళ్లో పనివాళ్లు లేరా? ఉన్నారు. మా వీధి మలుపులోనే ఒకతను ఉన్నాడు, ఊరంతా మెచ్చుకునే పనివాడు. నా ఇబ్బంది కూడా అతనే. ఎందుకంటే అతను నా శిష్యుడు.

నేను టేక్మాల్ హైస్కూల్లో సైన్సు సారుగా చేరిన కొత్త. అతను తొమ్మిదో తరగతి. అర్ధ సంవత్సరం పరీక్ష పేపర్లు పంచుతూ, ఒక పేపరును చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి పట్టి, "నువ్వు పంక్చర్లు వేసుకోవడానికే పనికొస్తావురా" అన్నాను. తరగతి ఘొల్లుమంది. నాకు బాగా గుర్తున్నది అతని ముఖం. బెంచీ మీదికి వంగిపోయి, చెవుల దాకా ఎర్రబడి, ఎటూ చూడకుండా కూర్చున్నాడు. నేను కూడా నవ్వే ఉంటాను. ఆ రోజుల్లో నా హాస్యానికి నాకంటే పెద్ద అభిమాని లేడు.

పన్నెండు పదమూడేళ్లు గడిచాక అతను హైదరాబాద్‌లో పని నేర్చుకొని వచ్చి, సరిగ్గా మా మలుపులో బండ్లు బాగుచేసే దుకాణం తెరిచాడు. మొదటి రోజే నన్ను చూసి, నూనె చేతులతో లేచి నిలబడి, "నమస్తే సార్" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా తల ఊపి వచ్చేశాను. మర్నాడూ లేచి నిలబడ్డాడు. ఆ మర్నాడూ అంతే. ఒక్కసారి తిట్టినా బాగుండేది. నాలుగో రోజు నుంచి ఇంటికి చుట్టు తిరిగి, వెనక సందులోంచి రావడం మొదలుపెట్టాను. ఇదేం దారి అని మా ఆవిడ అడిగితే గాలి బాగుంటుందన్నాను. ఆ సందులో ఉన్నది మురుగు మోరీ ఒక్కటే.

అతనికి ఒక మాట చెప్పాలి, తప్పయిందని. ఆ మాట నోట్లో తయారుగానే ఉంది. పదకొండేళ్లుగా తయారుగా ఉంది. ఏ యేటికాయేడు బరువెక్కుతోందే తప్ప బయటికి రాదు. ఈలోగా మనిషన్నాక తప్పు దిద్దుకోవాలి కాబట్టి నేనూ దిద్దుకున్నాను. అతను దుకాణం తెరిచిన రోజు నుంచి తరగతిలో పంక్చర్ల మాట ఎత్తలేదు. బర్లు కాయడానికి పనికొస్తావురా అంటున్నాను.

అందుకని హ్యాండిల్ ఇంట్లోనే మార్చాలని నిర్ణయించుకున్నాను. చౌరస్తా దగ్గర స్పేర్ పార్టుల దుకాణంలో కొత్త హ్యాండిల్ కొన్నాను. ఎవరు బిగిస్తారు సార్ అని అడిగితే, ఉన్నారులే అన్నాను. ఫోన్‌లో వీడియో చూశాను. అందులో ఒక తమిళతను పాట ఒకటి అయిపోయేలోపు పని ముగించి చేతులు దులుపుకున్నాడు. భాష తెలియకపోయినా ధైర్యం వచ్చింది. పైగా నేను ఇరవై ఆరేళ్లుగా బలభ్రామకం చెబుతున్నవాణ్ణి. పానా పిడి ఎంత పొడుగుంటే బోల్టు అంత తేలిగ్గా తిరుగుతుందని ఈ జిల్లాలో సగంమందికి నేర్పినవాణ్ణి. నా చేత్తో ఒక్క బోల్టు తిప్పి ఎరగనన్నది వేరే సంగతి.

ఆదివారం పొద్దున టిఫిన్ కాగానే రేకుల కింద గోనెసంచి పరిచి పని మొదలుపెట్టాను. మా ఆవిడ కుట్టుమిషను ముందు నుంచే చూసి ఒక సలహా ఇచ్చింది. పాత జాకెట్టు విప్పి కొత్తది కత్తిరించేటప్పుడు తాను ముందు సుద్దతో గుర్తులు పెట్టుకుంటుందట, ఏ ముక్క ఎక్కడిదో తెలియాలి కదా అంది. ఫోన్‌తోనైనా నాలుగు ఫోటోలు తీసుకోమంది. జాకెట్టు వేరు, యంత్రం వేరు అన్నాను. ఆమె మిషను చప్పుడు కాస్త పెరిగింది.

విప్పడం సుఖంగానే సాగింది. విప్పడంలో ఉన్న సుఖం అదే, ఎవరు చేసినా అవుతుంది. అద్దాలు, క్లచ్ పిడి, బ్రేకు పిడి, స్విచ్చుల డబ్బాలు రెండూ ఊడొచ్చాయి. రబ్బరు గ్రిప్పులు రాకపోతే సబ్బునీళ్లు పోసి గుంజాను. కుడిచేతి దగ్గర ఎక్స్‌లేటర్ వైరు కొస పట్టుకున్న చిన్న గుండు ఎగిరి మందార చెట్టు మొదట్లో పడితే, అరగంట వెతికి పట్టుకున్నాను. పాత హ్యాండిల్‌ను పక్కన పడేస్తే వంకర స్పష్టంగా కనిపించింది. రెండేళ్లు దీని మీద ఎలా తిరిగానా అనిపించి, మా ఆవిడ కంటి మీద కొంచెం గౌరవం కలిగింది. పైకి అనలేదు.

బిగించడం మధ్యాహ్నం దాకా పట్టింది. కొత్త హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉంది. ఎక్స్‌లేటర్ వైరు చూస్తే రెండు దారుల్లోంచి వచ్చేట్టుగా ఉంది. ఏ దారిలోంచి వచ్చేదో గుర్తు లేదు. విశాలంగా ఉన్న దారి ఎంచుకున్నాను. నడిమి బోల్టులను బలభ్రామకం మొత్తం ఉపయోగించి బిగించాను. ఒకదాని తల అరిగిపోయింది. అయినా అన్నీ అయ్యాక దూరంగా నిలబడి చూస్తే హ్యాండిల్ తిన్నగా ఉంది. కిక్ కొడితే ఇంజిను నిదానంగా పలికింది. నా జన్మలో మొదటిసారి చేత్తో ఒక పని చేశానని నిజంగా సంతోషమేసింది. మా ఆవిడను పిలిచి, ఎక్కు, పెద్దచర్చి దాకా పోయొద్దాం అన్నాను. ఆమె హ్యాండిల్‌ను ఒక కంటితో కొలిచి, తిన్నగానే ఉందని ఒప్పుకుంది. ఎక్కడం మాత్రం ఎక్కలేదు. ముందు నన్ను ఒక్కణ్ణే తిరిగి రమ్మంది.

మా గేటు దాటగానే ఎడమకు తిరగాలి. తిప్పాను. నేను ఎక్స్‌లేటర్ ఇవ్వకుండానే ఇంజిను ఒక్కసారి బొబ్బరించింది. బండి ముందుకు దూకింది. భయపడి ఇంకా తిప్పాను, అది ఇంకా అరిచింది. పక్కింటివాళ్లు ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక కుప్ప లేకపోతే ఈ రాత మీరు చదివేవాళ్లు కాదు. ముందు టైరు ఇసుకలో కూరుకుపోయి, బండి నాతో సహా మెల్లగా ఒరిగింది. గేటులో నిలబడ్డ మా ఆవిడ ముఖంలో రక్తం లేదు. ఎక్కి ఉంటే ఆమె కూడా పడేది.

దెబ్బలేమీ లేవని చూసుకున్నాక ఆమె నన్ను అడగకుండా ఫోన్ తీసింది. మలుపులో ఉన్న నా శిష్యుడి భార్యకు జాకెట్లు కుట్టేది ఈమేనట. నంబరు ఎప్పటి నుంచో ఉందట. నేను వెనక సందులో తిరిగినన్నాళ్లు వీళ్లు ముందు గుమ్మంలోనే మాట్లాడుకుంటున్నారన్నమాట.

పది నిమిషాల్లో వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, చెవుల మీద వెంట్రుక నెరుస్తోంది. గుడ్డలో చుట్టిన నాలుగు పానాలు తెచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నవ్వలేదు.

"విప్పుడు మంచిగనే విప్పిన్రు సార్. బిగిచ్చుట్లనే జర తేడా వచ్చింది" అన్నాడు. ఆ జర తేడా కోసం నేను పొద్దంతా బిగించిందంతా మళ్లీ విప్పాడు.

పని చేస్తూ ఒక్కొక్కటి చూపించాడు. ఎక్స్‌లేటర్ వైరును నేను బయటి నుంచి తెచ్చానట. అది లోపలి సందులోంచి రావాలట. బయటి నుంచి వస్తే హ్యాండిల్ ఎడమకు తిప్పినప్పుడల్లా వైరు గుంజుకుని, చెయ్యి పెట్టకుండానే రేజ్ పెరుగుతుందట. నడిమి బోల్టులు ముందరివి బిగించాకే వెనకవి బిగించాలట, అది కూడా నాలుగింటినీ కొంచెం కొంచెంగా, ఒకదాని మీదే బలమంతా పెట్టకూడదట. ప్రతి మాటకూ ఆగి, నా ముఖం చూసి, "సమజైందా సార్?" అని అడిగాడు. అయిందన్నాను. నిజంగానే అయింది. నాకంటే బాగా చెబుతున్నాడు.

మా ఆవిడ చాయ్ తెచ్చిచ్చి లోపలికి పోయింది. అరిగిన బోల్టు స్థానంలో అతను తన జేబులోంచి కొత్తది తీసి పెడుతున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పననిపించింది.

"నిన్ను తొమ్మిదిల ఒక మాటన్న. అనకుండ ఉండాల్సింది. తప్పయింది."

అతను పానా ఆపి ఒక క్షణం ఆలోచించాడు.

"పంక్చర్లదా సార్? గది నన్ను గాదు. నా పక్కకు కూసున్నోన్ని అన్నరు. సైన్సుల నేనెన్నడు ఫెయిల్ గాలే."

మరి నాకు గుర్తున్న ఆ వంగిన ముఖం ఎవరిది, ఆ చెవులు ఎవరివి అని అడిగాను. అవి తనవే అన్నాడు. టేక్మాల్ బస్టాండు పక్కన పంక్చర్ల దుకాణం వాళ్ల నాయనదట. తరగతంతా తిట్టు తిన్నవాణ్ణి వదిలేసి ఇతని దిక్కు తిరిగి నవ్విందట. నాకు ఆ దుకాణం తెలుసు. చేరిన కొత్తలో అదే దుకాణంలో ఎన్నిసార్లు గాలి కొట్టించుకున్నానో. తిట్టిన పిల్లవాడి ముఖం మాత్రం, ఎంత వెతుక్కున్నా, నాకు గుర్తు రాలేదు. వాడి పేపరు పట్టుకున్న నా రెండు వేళ్లే గుర్తొచ్చాయి.

వాడు ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాను. ఈ ఊళ్లోనే, ప్రైవేటు బడిలో లెక్కల సారు అన్నాడు. పంక్చర్లకే పనికొస్తాడన్నవాడు సారయ్యాడు కదా అని ఒక్క నిమిషం మనసు తేలికపడింది. ఆ నిమిషం కూడా పూర్తి కాలేదు.

"మావోడు గా బళ్లనే ఎన్మిదో తరగతి సార్. మొన్న మార్కులు తక్కువొస్తె మావోన్ని గదే మాటన్నడంట. పిలగాడు ఇంటికొచ్చి జేసి సూపెట్టిండు, కాయితాన్ని గిట్ల రెండు వేళ్లతోని వట్టి. సూడంగనే నాకు మీరే యాదికొచ్చిన్రు."

కోపంగా అనలేదు. వైరు గురించి చెప్పిన గొంతుతోనే చెప్పాడు. నాకు సిగ్గుతో కళ్లు నిండాయి. కొడుక్కి నువ్వేం చెప్పావని అడిగాను.

"పంక్చర్లేసుడు తప్పేం గాదు బిడ్డ, మీ తాత గదే జేసి నన్ను సాదిండు అన్న. ఇనలే సార్. సార్లు అబద్ధమెందుకు జెప్తరు బాపు అన్నడు. గప్పటికెల్లి పుస్తకం ముడ్తలేడు."

అద్దాలు బిగించి, బండి స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి చూడమన్నాడు. తిప్పాను. ఇంజిను అదే నిదానంతో పలికింది. కుడికి కూడా తిప్పాను. బండి ఆపి, పిల్లవాణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపమన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు.

"మీరేం జెప్తరు సార్?"

ఎగతాళిగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. పదకొండేళ్లు నోట్లో మోసిన మాట ఇక్కడ పనికిరాదు.

"సార్లు గూడ అబద్ధం జెప్తరని జెప్త" అన్నాను.

అతను పానాలు తుడిచి గుడ్డలో చుట్టుకున్నాడు. సాయంత్రం పిల్లవాణ్ణి తోలుకొస్తానన్నాడు.