మూగమైకు ఉపన్యాసం

అమ్మమ్మకు కోపం వస్తే గొంతు పోతుంది. పెదవులు ఇంతింత సాగుతాయి, కనుబొమలు ఎగిరిపడతాయి, చేతులు గాలిని చీరేస్తాయి, చప్పుడు మాత్రం చీమంతైనా బయటికి రాదు. కొత్తవాళ్లు చూస్తే, ఎవరో టీవీకి సౌండు తీసేశారనుకుంటారు.

ఇది నూలు మిల్లు తెచ్చిపెట్టిన అలవాటు. పెళ్లి కాకముందు నుంచీ ఆవిడ అక్కడే పనిచేస్తోంది. నూలు మరల రొదలో చెవి పక్కన అరిచినా వినపడదు. అందుకని ఆడవాళ్లంతా గొంతుల్ని గేటు దగ్గరే వదిలేసి లోపలికి పోతారు. తెగిన పోగు అతుకుతూనే, అవతలి వరుసలోని మనిషితో పెదవులు పెద్దవి చేసి మాట్లాడేసుకుంటారు. కోడలి సంగతులు, మాడిన కూర సంగతులు, సూపర్‌వైజరు నడక, అన్నీ ఆయన ముక్కు ముందే సాగిపోతాయి. తాతయ్య కూడా అదే మిల్లులో చెవులు పోగొట్టుకున్నాడు. అమ్మమ్మ గొంతెత్తి పిలిస్తే పలకడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఊరికే పెదవులు కదిపితే మాత్రం, "ఎంత మాటన్నావే!" అంటూ తగువుకొస్తాడు.

మిల్లులో ఆడవాళ్లకు ఒక గది ఉండేది. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, తలుపుకు లోపలి నుంచి గడియ. అన్నం తినాలన్నా, పసిపిల్లలకు పాలివ్వాలన్నా, నడుం వాల్చాలన్నా అదే చోటు. కొత్త మేనేజరు వచ్చీరాగానే అందులో నూలు పెట్టెలు పేర్పించి, తాళం వేయించాడు. ఆడవాళ్లు మెట్ల కింద చేరారు. ముద్దలో దూది నుసి, నెత్తి మీద మెట్లెక్కిదిగే వాళ్ల చెప్పుల దుమ్ము. ఒక బాలింత పిల్ల గోడవైపు తిరిగి, కొంగు కప్పుకుని, బిడ్డను దాచుకుంటూ పాలివ్వడం చూసింది అమ్మమ్మ. ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదు.

"పెట్టెలకు గది కావాలట, మనుషులకు మెట్లు చాలట. పెట్టెగా పుట్టినా బాగుండేది!" అని పెదవులతోనే రుసరుసలాడుతూ ఇల్లంతా తిరిగింది.

మూడు నెలలకోసారి యజమాని ముందు మిల్లు మీటింగు జరుగుతుంది. పనివాళ్లలో ఒకరు మైకులో మాట్లాడొచ్చు. పోయినసారి అమ్మమ్మే లేచింది. మొదట బాగానే మాట్లాడింది. అంతలో ఆ పిల్ల, ఆ గోడ కళ్లముందుకొచ్చాయి. కోపం తన్నుకొచ్చింది, గొంతు మాయమైంది. పెదవులు మాత్రం మేనేజరును దులిపి ఆరేశాయి. వేదిక మీదివాళ్లు బిత్తరపోయి చూసి, తర్వాత నవ్వారు.

"ఏమీ వినపడలేదు. అంటే అభ్యంతరం లేనట్టే," అని మేనేజరు తేల్చేశాడు. పోతూపోతూ ఆవిడకు మూగమైకు అని పేరు పెట్టిపోయాడు.

బయటికొచ్చాక అమ్మమ్మ తోటివాళ్ల మీద విరుచుకుపడింది. "మీకు నా మాట అర్థమైందా లేదా?"

"ప్రతి ముక్కా అర్థమైందక్కా."

"మరి మీ నోళ్లకేమొచ్చింది?"

"నువ్వు మాట్లాడుతున్నావు కదా, మధ్యలో అడ్డురావడం ఎందుకని..."

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. మళ్లీ మీటింగు వచ్చేలోపు మాట్లాడటం నేర్చుకోవాలని పట్టుబట్టి, పక్కింటి మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన బడి పిల్లలను ఉపన్యాసాల పోటీలకు తయారుచేసి చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ పాలవాడితో కూడా సభను ఉద్దేశించినట్టే మాట్లాడతాడు.

"ఒప్పించడమంటే అరవడం కాదమ్మా. చిరునవ్వు ఉండాలి. ముఖ్యమైన మాట ముందు ఆగాలి. ఆ మౌనంలో జనం ఊపిరి బిగబట్టాలి."

"కడుపు మండుతుంటే నవ్వెలా వస్తుంది మాస్టారూ?"

"అదేనమ్మా కళంటే!"

అద్దం ముందు నిలబడి అమ్మమ్మ ఆ కళ సాధన చేసింది. తాతయ్య కాసేపు చూసి, "పన్ను నొప్పా?" అని అడిగాడు. మాస్టారు నేర్పిన 'గౌరవనీయులైన' అనే మొదలును ఆవిడే కొట్టేసింది. వాళ్లను గౌరవించేలోపు తన గొంతు అయిపోతుందట. సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టింది. మాట్లాడుతూ వేళ్లు గొంతు మీద ఉంచుకుంటుంది. అదురు తగిలితే మాట వస్తున్నట్టు, తగలకపోతే మళ్లీ మొదటికి రావాలన్నట్టు. చూసినవాళ్లకు మాత్రం తన పీక తానే పిసుక్కుంటున్నట్టుండేది.

మీటింగు రోజు వచ్చింది. అందరూ అన్నం డబ్బాలతోనే హాల్లోకి వచ్చారు. అమ్మమ్మ గొంతు మీద వేళ్లు పెట్టుకుని మేనేజరునే సూటిగా అడిగింది.

"అయ్యా, మీరు భోంచేసే గదికి తలుపుందా?"

"ఉంది."

"గడియ?"

"ఉందమ్మా, ఎందుకు?"

"మీరు తింటుంటే మీ నెత్తిమీదుగా ఎవరైనా మెట్లెక్కుతారా?"

యజమాని తలెత్తి చూశాడు. "మా దగ్గర ఒక బాలింత పిల్ల ఉంది..." అని, మాస్టారు చెప్పినట్టే ఆగింది.

మేనేజరు ఆ సందులో దూరాడు. "అయిపోయిందా? సంతోషం. కూర్చోండి." చెయ్యి ఊపాడు. మైకు ఆగిపోయింది.

అమ్మమ్మ వేళ్ల కింద అదురు లేదు. ఈసారి ఆవిడ గొంతు కోసం వెతుక్కోలేదు. వేదికకు వీపు చూపించి, తనవాళ్లవైపు తిరిగి, పెదవులు విప్పింది.

చివరి వరుసలోంచి బాలింత పిల్ల లేచింది. "గోడవైపు తిరిగి పాలిచ్చే పిల్లను నేనే," అంది గట్టిగా. పక్క మనిషి అందుకుంది. "నుసి తిని దగ్గుతున్నాం." తర్వాత వరుసలకు వరుసలే. అమ్మమ్మ పెదవి కదిపితే చాలు, హాలంతా ఒకే గొంతుతో మోగింది.

"మైకు ఆపండి!" అని మేనేజరు అరిచాడు.

"ఎప్పుడో ఆపేశాను సార్!" అన్నాడు మైకు మనిషి.

"ఈ హాలుకు తలుపుంది, గడియ కూడా ఉంది," అంది జనం నోటితో అమ్మమ్మ. "మా గది తెరిచేదాకా ఇక్కడే తింటాం." అందరూ ముందుకొచ్చి, వేదిక ముందు పరిచిన తివాచీ మీద చతికిలబడి డబ్బాల మూతలు తీశారు. యజమాని తన బూట్ల ముందు తెరుచుకున్న డబ్బాలను చూశాడు, బాలింతను చూశాడు, మేనేజరువైపు తిరిగాడు.

"తాళం ఎవరి దగ్గరుంది? ఇప్పుడే తీయించు."

పెట్టెలు బయటికి పోయాయి. ఫ్యాను మాత్రం తిరిగి రాలేదు. అది మేనేజరు గదిలో తిరుగుతోందని తెలిసి అమ్మమ్మ మళ్లీ రగిలిపోతోంది.

సాయంత్రం మాస్టారు పరుగున వచ్చాడు. "విన్నానమ్మా! ఆ మౌనం అద్భుతమట! నేను నేర్పిందే కదా!"

అమ్మమ్మ ఆయన నేర్పిన చిరునవ్వే నవ్వి, చప్పుడు లేకుండా ఏదో అంది. తాతయ్య పొలమారేదాకా నవ్వాడు.

"ఏమంటోందండీ?" అన్నాడు మాస్టారు.

"దండం పెడుతోంది మాస్టారూ," అన్నాడు తాతయ్య కళ్లు తుడుచుకుంటూ.