జానెడు కాదు, ఆరంగుళాలు

కూలర్‌లో కొత్త గడ్డి పెట్టి మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు ఒక వాసన వస్తుంది. కోసిన కట్టె మీద తొలి వాన పడ్డట్టుంటుంది. నిన్న మా చెల్లె స్వరూప ఇంటి నుంచి పాత కూలర్ ఆటోలో నా షెడ్డుకొచ్చింది. గడ్డి మార్చి, మోటారు వేసి, ముందు నిలబడ్డాను. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, సరోజన మేడం గుర్తొచ్చారు. మల్లెపూల వాసనకు మనుషులు గుర్తొస్తారని జనం చెబుతుంటారు. నాకేమో తడిసిన గడ్డికి లెక్కల మేడం గుర్తొస్తారు. ఎవరి రాత వాళ్లది.

చెన్నూరు రోడ్డులో నాది రేకుల షెడ్డు. ఎండాకాలం కూలర్లు, మిగతా కాలం ట్రంకు పెట్టెలు, ధాన్యం డబ్బాలు. చదువు ఎనిమిదితో సరి. ఆ ఏడు లెక్కల సారు బోర్డు మీద ఎక్స్ విలువ మూడని రాస్తే నేను లేచి, "నిన్న ఐదన్నరు గద సార్, ఇయ్యాల మూడెట్లయింది? మాట మీద నిలబడరా?" అని అడిగాను. తరగతి గొల్లుమంది. సారు బయటికి పొమ్మన్నాడు. నేను కొంచెం ఎక్కువ దూరమే పోయాను, మళ్లీ రాలేదు. మేడం సంగతి వేరు. సాంచాలు నడిపే ఇంట్లో పుట్టి, ఆ మగ్గాల చప్పుడులోనే ఎమ్మెస్సీ దాకా చదివి, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, రిటైరై మా షెడ్డు వెనకింట్లో ఉండేవారు. నా సుత్తె చప్పుడుకు ఆ వీధిలో అందరూ తిట్టేవారే, ఒక్క ఆమె తప్ప. "సాంచాల కాడ పెరిగిన, నీ సుత్తె నాకు జోలపాట" అనేవారు.

పదహారేళ్ల కిందటి మాట. స్వరూపకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నెలలు నిండని పిల్ల, పిడికెడంత. గది చల్లగా ఉండాలని, ఎండ గాలి తగిలితే పిల్ల తట్టుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా బావ బొగ్గు బాయిలో పనోడు. క్వార్టరు మేడమీద. పొద్దున గంట సేపు నల్లా వస్తుంది, బావ తొట్టి నింపి మొదటి షిఫ్టుకు పోతాడు. తిరిగొచ్చేది మూడున్నర దాటాకే. నేను చేసిచ్చిన కూలర్ రెండున్నరకే ఎండిపోయేది. అప్పటినుంచి అది కూలర్ కాదు, కొలిమి. కుట్లున్న మనిషి బకెట్ ఎత్తకూడదు. పక్క క్వార్టరుకు సెలవుల తాళం. అందుకని నేనే రోజూ ఒంటిగంటకు షెట్టర్ దించి, సైకిల్ మీద తొమ్మిది కిలోమీటర్లు పోయి రెండు బకెట్లు పోసి వచ్చేవాణ్ని. ఏడాది కూడు సంపాదించేది ఆ రెండు నెలల్లోనే. అది వేరే ఏడుపు.

వారం రోజులు చూసి మేడం ఒక మధ్యాహ్నం అడ్డం నిలబడ్డారు.

"ఏంది సమ్మయ్యా, దుకాణానికి రోజూ ఒంటిపూట బడి పెట్టినవ్?"

సంగతి చెప్పాను. ఆమె జాలి పడలేదు. "తొట్టి ఎట్ల చేస్తవ్?" అని అడిగారు.

"మూడడుగుల చదరం రేకు మేడం. నాలుగు మూలలు చదరంగ కోస్త, పక్కలు పైకి మడుస్త, మూలలకు సీసం కరిగించి మాటేస్త."

"ఎంత కోస్తవ్?"

"జానెడు. తొమ్మిదంగుళాలు."

"ఎందుకు జానెడు?"

ఇరవయ్యేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. "మా ఉస్తాద్ చెప్పిండు. జానెడు లోతు లేకుంటే అది తొట్టి గాదు, తాంబాళమట."

"రెండడుగుల రేకైతే?"

"జానెడే."

"నాలుగడుగులదైతే?"

"జానెడే మేడం. రేకు మారుతది గని చెయ్యి మారదు గద."

ఆమె నవ్వలేదు. మా పనోళ్లందరం తరతరాలుగా చేస్తున్న తప్పు ఆ క్షణంలో ఆమెకు దొరికిందని నాకు తర్వాత తెలిసింది. పెద్ద రేకు తెచ్చి పెద్ద తొట్టి చేస్తే పోలేదా అంటారేమో. రేకులమ్మే సేటు బిడ్డ పెళ్లి, దుకాణానికి ఐదు రోజులు తాళం. షెడ్డులో మిగిలింది ఒక్కటే మూడడుగుల రేకు. అతుకులేస్తే కారుతుంది. తప్పు కోస్తే మళ్లీ అతకదు.

ఆ సాయంత్రం మేడం పాత క్యాలెండర్ అట్టలు పట్టుకొచ్చారు. ముప్పయ్యారు అంగుళాల రేకుకు బదులు ముప్పయ్యారు సెంటీమీటర్ల అట్ట. ఒకదానికి మూలల్లో నాలుగు కోయమన్నారు, ఇంకోదానికి ఐదు, అట్లా తొమ్మిది దాకా. ఆరు తొట్లు. వాళ్లింటి జొన్నలు చాయ్ గ్లాసుతో కొలిచి పోయడం నా పని. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. "జాతరల దుకాణం పెడుతున్నవా సమ్మన్నా?" అని ఒకడడిగితే, "ఔ, కోళ్లకు పెండ్లి భోజనం, నువ్వు గూడ కూసో" అన్నాను.

"ముప్పయ్యొకటి పట్టినయ్ మేడం" అంటే ఆమె చెయ్యి ఊపారు. "ఎన్ని పట్టినయని గాదు. ఒక్కటి జరిపితే ఎన్ని పెరిగినయో చెప్పు."

నాలుగు నుంచి ఐదుకు పోతే రెండున్నర గ్లాసులు పెరిగాయి. ఐదు నుంచి ఆరుకు ముప్పావు గ్లాసు. ఆరు నుంచి ఏడుకు పోయేసరికి పెరగలేదు, అరగ్లాసు పైనే తగ్గింది. ఎనిమిదికి ఇంకో రెండు తగ్గాయి. తొమ్మిది, అంటే మా ఉస్తాద్ జానెడు, ఇంకో మూడు గ్లాసులు తక్కువ తాగింది.

"లోతు పెరిగితే నీళ్లు పెరగాలె గద మేడం?"

"లోతు పెంచుతున్నవ్ గని అడుగును తింటున్నవ్. కొద్దిదూరం దాక లాభం, తర్వాత నష్టం. కొండెక్కేటోని లెక్క. మొదట్ల నిట్టనిలువు, పోను పోను ఎక్కుడు తగ్గుతది. కొన మీద అడుగేస్తే పైకీ కాదు, కిందికీ కాదు. పెరుగుడు సున్నా అయినకాడనే కొన."

తర్వాత సుద్దముక్కతో నేల మీద రాశారు. మడిచే ఎత్తు ఎక్స్. ముప్పయ్యారులోంచి రెండు ఎక్స్‌లు పోతే తొట్టి అడుగు పొడవు. ఆ పొడవును మళ్లీ దానితోనే, వచ్చినదాన్ని ఎత్తుతో గుణిస్తే పట్టే నీళ్లు. దాని పెరుగుదల కనుక్కునే పద్ధతి పేరు అవకలనం అన్నారు. చివరికి రెండు బ్రాకెట్లు మిగిలాయి. ఒకటి ముప్పయ్యారు మైనస్ ఆరు ఎక్స్. రెండోది ముప్పయ్యారు మైనస్ రెండు ఎక్స్. ఏది సున్నా అయినా మొత్తం సున్నా. మొదటిదాంట్లో ఎక్స్ ఆరు. జొన్నలు చెప్పిందే సుద్దముక్క చెప్పింది, గింజ కూడా పోయకుండా.

బడిలో సారును అడిగిన మాట అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె సుద్ద కింద పెట్టారు. "సరైన ప్రశ్ననే అడిగినవ్ రా. కొన్ని లెక్కలల్ల ఎక్స్ ఒక్కకాడ నిలబడది, కదుల్తది. గది తెల్వాలంటే ఇంకో నాలుగేండ్లు కూసునేదుండె."

"మరి రెండో బ్రాకెట్ల ఎక్స్ పద్దెనిమిదైతది గద మేడం? గంత కోస్తే నాలుగు తుకడాలు మిగుల్తయ్. తొట్టి లేదు, అడుగు లేదు, నీళ్లు లేవు. గది గూడ కొననేనా?"

అప్పుడు నవ్వారు మేడం, కళ్లనీళ్లు తుడుచుకునేదాకా. "అది కొన గాదు బిడ్డా, గుంత. సున్నా వచ్చిన ప్రతికాడ కొన ఉండది. ఆగినకాడ నిలబడి అటొక అడుగు, ఇటొక అడుగు ఏసి చూడాలె. రెండు దిక్కుల దిగుడైతే కొన. రెండు దిక్కుల ఎక్కుడైతే గుంత."

మర్నాడు రేకు ముందు కూర్చున్నాను. ఆరు దగ్గర గీత గీశాను. కత్తెర పట్టిన చెయ్యి మాత్రం తొమ్మిది దగ్గరికే పోతోంది. ఇరవయ్యేళ్ల అలవాటు, ఒక్క సాయంత్రపు లెక్క. మేడం వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఆరుకే కోశాను. అడుగు వెడల్పయింది కాబట్టి చట్రం కూడా మార్చి, సాయంత్రానికి స్వరూప ఇంట్లో దించాను. "తాంబాళం తెచ్చినవేంది అన్నా? పిల్లకు పెండ్లి గూడ ఇప్పుడే చేస్తవా?" అంది మా చెల్లె. మా ఇంట్లో ఈ నోటి దురద నాకొక్కడికే లేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు పోయి ఆ ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. బకెట్ ముట్టుకోనని ఒట్టేసుకున్నాను. రెండున్నరయింది. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మూడయింది. "పోస్తె ఏమైతది అన్నా, పరేషాన్ ఎందుకు?" అని స్వరూప కేకేసింది. "ఊకో, పరీక్ష నడుస్తుంది" అన్నాను. మూడూ నలభైకి బావ మసి మొహంతో మెట్లెక్కి వచ్చాడు. లోపలికి పోయి తొట్టిలో వేళ్లు ముంచాను. అడుగున ఇంకా పల్చగా నీళ్లున్నాయి. గడ్డి తడిగానే ఉంది. పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

తిరిగొచ్చి మేడంకు చెబితే, "మరి రేపటి నుంచి షెట్టర్ దించవ్ గద, మళ్ల నీ సుత్తె మొదలు" అన్నారు. అంతే. తర్వాత చాలా ఏళ్లు నా షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. డబ్బా ఎత్తెంత ఉంటే రేకు తక్కువ పడుతుంది, మూత ఎంత మడవాలి, అన్నీ ఇద్దరం సుద్దతో నేల మీద తేల్చేవాళ్లం. ఒకరోజు ఉన్నట్టుండి, "ఎనిమిదిల ఆగినవ్ గద, గది నీ కొననా?" అని అడిగారు. నేను ఏదో జోకేసి తప్పించుకున్నాను. పోయినేడు వానాకాలంలో ఆమె పోయారు. ఆ ప్రశ్నకు జవాబు అప్పటికింకా బాకీ.

నిన్న కూలర్‌తో పాటు ఆటోలో ఆ పిల్ల కూడా వచ్చింది. ఇంటర్ మొదటి ఏడు. చేతిలో లెక్కల పుస్తకం. "మామా, గిదే లెక్క ఉన్నది. ఎక్స్ పద్దెనిమిదిని కొట్టేసిన్రు. ఎందుకు?" అని అడిగింది. సుద్దముక్క తీసి నేల మీద కూర్చున్నాను.

మేడం పోయాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రెండుసార్లు రాశాను. లెక్కలు మొదటిసారే గట్టెక్కాయి, ఇంగ్లీషు రెండుసార్లూ ముంచింది. మూడోసారి ఫారం నింపి రేకుల కింద దాచాను. వీధిలో నవ్వేవాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకంటే ముందు నేనే నవ్వుతున్నాను. కానీ రాస్తాను. ఆగిన చోట నిలబడి అటూ ఇటూ చూశాను మేడం, ఇది కొన కాదు. గుంతలో ఉన్నవాడు ఎటు అడుగేసినా ఎక్కుడే.