తాడేపల్లిగూడెం చేతులు

మా అమ్మ నా బాస్కెట్‌బాల్ ఆట చూసింది ఒక్కసారే. నా పరువు జీవితాంతం తీయడానికి ఆ ఒక్కసారే సరిపోయింది.

ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ టీములో నేనే అందరికంటే పొడుగు. ఆరడుగుల నాలుగంగుళాలు. తాడేపల్లిగూడెంలో ఫైనల్ అంటే అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, కోర్టు గీత పక్కనే కుర్చీ వేయించుకుంది. ఆఖరి క్షణాల్లో మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బుట్ట కింద నేనొక్కణ్ణే ఉన్నాను. బంతి నేరుగా నా చేతుల్లోకి వచ్చింది, వచ్చినట్టే జారి, ఒక గెంతు గెంతి అమ్మ ఒళ్లో పడింది. అమ్మ దాన్ని గుమ్మడికాయలా రెండు చేతులా పట్టుకుని, "ఇదిగో నాన్నా, మళ్లీ వెయ్యి" అంటూ నాకే తిరిగి ఇచ్చింది. రిఫరీ నా దగ్గర లాక్కుని అవతలివాళ్లకిచ్చాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో నేను కూరగిన్నె ముట్టుకున్నా, "జాగ్రత్తరా, అవి తాడేపల్లిగూడెం చేతులు" అనేది.

ఆటల కోటాలో ఏ రైల్వే ఉద్యోగమో వస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే నేను పాస్టరు చదువుకు వెళ్లాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. చర్చిలో బైబిలు వాక్యం చెబుతున్నప్పుడు కలిగే సంతోషం నాకు కోర్టులో ఎప్పుడూ కలగలేదు, అంతే. "అంత పొడుగూ దండగ చేశావు కదరా" అని మా కోచ్ నెత్తి కొట్టుకున్నాడు. చదువయ్యాక ఉంగుటూరు దగ్గర మా ఊరి బాప్టిస్టు సంఘమే నన్ను పిలిచింది. మొదటి ఆదివారం దీవెన చెబుతూ చేతులు పైకెత్తాను. ఫ్యాను రెక్క తగిలి వేళ్లు వాచాయి. అప్పటి నుంచి దీవెనకు ముందు సంఘ పెద్ద లేచి ఫ్యాను కట్టేస్తాడు. ఫ్యాను ఆగితే ఆరాధన అయిపోయినట్టేనని జనం చెప్పుల కోసం చూడటం మొదలుపెడతారు.

ఇంతవరకూ నవ్వులాటే. నా అసలు బాధ నెలకొకసారి, మొదటి ఆదివారం వచ్చేది. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. మా సంఘంలో నీళ్లలో పూర్తిగా మునిగి బాప్తిస్మం పొందినవాళ్లకే రొట్టె ఇస్తాం. మా అమ్మ మునగలేదు. అందరికంటే ముందొచ్చి చాపలు పరిచే మనిషి, పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడే మనిషి, పళ్లెం వచ్చేసరికి తల దించుకునేది. నా చిన్నప్పటి నుంచీ అంతే.

కారణం భయం. అమ్మ పుట్టింది కొల్లేటి ఒడ్డున. పదేళ్లప్పుడు గడ్డి కోసం దోనెలో వెళుతుంటే అది తిరగబడింది. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారట. కొల్లేటి పిల్లకి నీళ్లంటే భయమేమిటని ఊరంతా నవ్వినా, ఆ తర్వాత చెంబుతో పోసుకునే నీళ్లే తప్ప మరే నీళ్లలోనూ దిగలేదు. వచ్చిన ప్రతి పాస్టరుకూ "వచ్చే ఏడాదండీ" అని చెప్పింది.

ఇప్పుడు ఆ పళ్లెం పట్టుకుని ఆమెను దాటి వెళ్లవలసినవాణ్ణి నేను. ఒక ఆదివారం ఇంటికొచ్చాక ఉండబట్టలేక అనేశాను.

"అమ్మా, నిన్ను దాటి వెళ్లడం నా వల్ల కావట్లేదు. నేను పట్టుకుంటాను కదా, దిగు."

"బంతినే పట్టుకోలేనోడివి, నన్ను పట్టుకుంటావా?" అంది. మర్నాడు అన్నం వడ్డిస్తూ తనే అడిగింది, "ఎంత లోతుంటుందిరా?"

కాలువకి నీళ్లు వదిలాక ఒక ఉదయం సంఘమంతా రేవు దగ్గర చేరింది. తెల్లచీరలో అమ్మ నా చొక్కా గుప్పిట పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నడుము లోతు చాలనుకుని ఆగాను.

"నీ నడుమంటే నా మెడరా," అంది. మూడడుగులు వెనక్కి వచ్చాం.

"సహోదరీ, యేసుక్రీస్తును నీ స్వంత రక్షకునిగా..." అని గంభీరంగా మొదలుపెట్టాను.

"సహోదరి ఎవరు? అమ్మను."

ఒడ్డున నవ్వులు. "అంగీకరిస్తున్నావా, అమ్మా?" అన్నాను. "అంగీకరించే కదా ఈ నీళ్లలో నిలబడ్డాను" అంది.

ముంచాను. ముంచడమేమిటి, జారిపోతుందేమోనన్న కంగారులో అలా ముందుకు వంచి ఇలా లాగేశాను. అమ్మ దగ్గుతూ లేచింది. అయిపోయిందనుకున్నాను. మెట్ల మీంచి సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారండీ, ఏమీ అనుకోకండి. జుట్టు ముడి మునగలేదండి."

ఆ క్షణంలో ఆయన నాకు అచ్చం ఆ రోజు రిఫరీలాగే కనిపించాడు. అమ్మ ముడి తడిమి చూశాను. పొడిగానే ఉంది. ఇంక ఈ జన్మలో ఈమె దిగదు, ఇదీ నా చేతుల వల్లే పోయింది అనుకున్నాను. నా మొహం పాలిపోయినట్టుంది. అమ్మ మొహం తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"భయం నాకా, నీకా?" అంది. అప్పటిదాకా గుప్పిట పట్టిన నా చొక్కా వదిలేసింది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. "కానియ్యి నాన్నా. నిదానంగా."

ఈసారి నిదానంగానే ముంచాను. ముడి కూడా నీళ్ల కిందికి వెళ్లడం కళ్లారా చూశాకే పైకి లేపాను.

తర్వాతి మొదటి ఆదివారం పళ్లెం పట్టుకుని అమ్మ ముందు ఆగాను. ఏమంత బరువని, చిన్న చిన్న రొట్టెముక్కలు. అయినా నా చేతుల్లో పళ్లెం ఒరిగి ఒక ముక్క జారి ఆమె ఒళ్లో పడింది. అమ్మ దాన్ని రెండు చేతులా తీసుకుని, నా చేతుల వంక ఒకసారి చూసింది. ఈసారి నాకు తిరిగి ఇవ్వలేదు. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది.