కొత్త బ్రేకులు

పర్వత్ పాటియా బట్టల మార్కెట్లకు భోజనాలు చేరవేయడానికి అక్కకు ఒక పాత కారు కావాల్సి వచ్చింది. చూడటానికి భేస్తాన్‌లో మగ్గాల షెడ్ల వెనకున్న మైదానానికి ఇద్దరం వెళ్లాం. అమ్మేవాడు మాలాగే ఈ గుజరాతీ ఊరికి బతకడానికొచ్చిన తెలుగువాడే. ఇంజన్ చల్లగా ఉంటే పొగ బయటపడుతుందని, మేం రాకముందే దాన్ని వేడి చేసి పెట్టాడు లుచ్చాగాడు. అరిగిన టైర్లకు నల్లరంగు పూశాడు. అక్క బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, టైరు మీది రంగును గోటితో గీకింది.

"బ్రేకులు ఎట్లున్నయి?"

"కొత్తయి ఏపిచ్చిన అక్కా. నమ్మకుంటే నేను ఎదురుంగ నిలవడ్త, తోలుకుంట రా."

"నిలవడు మరి."

నేను పక్క సీట్లో కూర్చున్నాను. అక్క వేగం పెంచింది. వాడు నవ్వుతూ నిలబడ్డాడు. దగ్గరకొచ్చినా అక్క కాలు యాక్సిలరేటర్ మీంచి కదల్లేదు. ఆమె ముఖం చూసి వాడు పక్కకు దూకాడు. కంకర మీద పడి మోచేతులు చీరుకుపోయాయి. వాడు నిలబడిన చోటు దాటాకే అక్క బ్రేకు తొక్కింది. కారు కీచుమని అక్కడికక్కడే ఆగింది.

బ్రేకులు నిజంగానే కొత్తవి.

వాడు ఉరికొచ్చి కిటికీలోంచి నెత్తురు చేత్తోనే తాళంచెవి గుంజుకున్నాడు. "బండి చూడనీకి వచ్చినవా, నన్ను సంపనీకి వచ్చినవా?"

అక్క తాపీగా దిగింది.

"నిజమే చెప్పినవ్ గద. మరెందుకు దుంకినవ్?"