ఉస్తాద్ పెట్టిన కొసరు డబ్బ

బేస్తారం పొద్దుగాల ఖేడ్ బస్టాండ్ల దిగిన్నో లేదో, చాయ్ హోటలాయన ఎదురొచ్చి చెప్పిండు: "మీ ఉస్తాద్ తెల్లారంగ పోయిండక్కా." మొన్ననే గదా, దవాఖానకెళ్లి "షెడ్డుకు తాళం ఎయ్యకుండ్రి" అని కబురు పంపిండు!

మీల శానామందికి ఆయనెవరో తెల్వదు. ఖేడ్ల సర్కారు పైసలతోని నడిచే మోటార్ వైండింగ్ ట్రైనింగ్‌కు మాస్టర్. బాయి మోటార్లు కాలిపోతే లోపలి రాగితీగ మల్ల సుట్టుడు ఆ షెడ్డులనే నేర్పెటోడు. అందరం ఉస్తాద్ అనేటోళ్లం.

పదిహేనేండ్ల కింద మా ఇంటాయన పట్నం కూలికి పోయి, కిందవడి నడుం ఇరగ్గొట్టుకొని వచ్చిండు. మాది మనూర్ దిక్కు. ఇద్దరు పిల్లలు, ఇగ ఇల్లు నేనే నడపాలె. సర్కారోళ్లు పని నేర్పిస్తరు, నేర్సుకున్నన్ని దినాలు బత్తెం ఇస్తరు, పాసైతే సామాన్లకు బ్యాంకు లోను ఇప్పిస్తరంటే సమితి ఆఫీసుకు ఉరికిన. కుట్టుమిషన్ సీట్లు అయిపోయినయట. "మోటార్ క్లాసుల సీటుంది గదా సారూ" అన్న. క్లర్కు నవ్విండు. "గది మొగోళ్ల పని."

పక్కన హాజరుపట్టీ పట్టుకొని నిలబడ్డ ఉస్తాద్ ఊకోలే. "గట్లని కాయిదంల యాడ రాసుంది సాబ్? జర సూపియ్యి." క్లర్కు కాయిదం తిప్పి తిప్పి చూసిండు. యాడుంటది? నా పేరు రాసుకున్నడు.

నాకొచ్చిన లెక్క ఒక్కటే, కల్లంల మా నాయన కందులు కొలిచే లెక్క. లాభం, రెండు, మూడు. కొలతల ఒకటిని మేం లాభం అనే అంటం. తీగ గట్లనే లెక్కవెట్టి సుట్టిన. లెక్క తప్పలే. కానీ కొలిచినంక మీద పిడికెడు కొసరు ఎయ్యకుంటే మా చెయ్యి ఊకోదు గదా! ప్రతి కాయిల్‌కు ఆఖర్ల మూడు నాలుగు సుట్లు ఎక్కువేసిన. ఇరవై నాలుగు కాయిల్లల్ల ఒక్కటి గూడ మోటార్ లోపలి గాడిల పట్టలే.

మనిషికి ఇంత తీగ అని సర్కారు ఇచ్చేది. అది ఖరాబైతే పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, లోను లేదు. మూలకు కూసొని ఏడ్సిన. ఉస్తాద్ సంగతంత అడిగి కడుపు పట్టుకొని నవ్విండు. "యా అల్లా! రాగితీగకు కొసరేసిన మనిషిని నా ఉమర్ల చూడలే బిడ్డా!" నాకు మస్తు కోపమొచ్చింది. ఆయన నవ్వుకుంటనే పక్కన కూసొని, నాతోని కలిసి తీగంత మెల్లగ ఇప్పిండు. రెండు పగళ్లు పట్టింది.

మూడోనాడు పిడికెడు జొన్నలు, ఖాళీ చాయ్‌పత్తి డబ్బ నా ముంగట పెట్టిండు. "నీది ఇచ్చే చెయ్యి బిడ్డా, దాన్ని ఆపకు. కాయిల్ అయిపోయినంక కొసరు ఈ డబ్బల ఎయ్యి, ఒక్క గింజ." గా గింజలే ఎన్ని కాయిల్లు అయినయో గూడ చెప్పేటివి.

పరీక్షకు జిల్లాకెళ్లి వచ్చిన ఆఫీసర్ బల్లమీది జొన్నలు చూసి, "ఇదేంది, పిట్టలకు దానానా?" అన్నడు. నేను తలెత్తలే. ఇరవై నాలుగు గింజలు పడినయి. స్విచ్ ఎయ్యంగనే మోటార్ గరగరలాడకుంట తిరిగింది. ఉస్తాద్ మొకం చూడాల్సుండె మీరు! ఇంట్ల పెండ్లైనంత సంబురం.

తర్వాత ఒక ఏడు ట్రైనింగ్‌కు పైసలు మంజూరు గాలే. అందరు అర్జీ రాద్దామన్నరు. ఉస్తాద్ పాసైనోళ్లందర్ని పోగుజేసి ఆఫీసర్ జీపు ముంగట నిలబెట్టిండు. "కాయిదాలు తర్వాత చదువు సాబ్. ముందుగాల వీళ్ల చేతులు చూడు." కాయిల్లకు పూసే వార్నిష్ అంటిన చేతులు చాపి నిలబడ్డం. నెల తిరగకముందే మల్ల క్లాసు మొదలైంది. ఆ షెడ్డులనే నన్ను రెండో మాస్టర్‌గ పెట్టుకున్నడు.

ఉస్తాద్ జనాజను ఖబరస్తాన్‌కు మోసుకపోతుంటే మేం ఆడోళ్లం గల్లీ మొగదాక పోయి ఆగినం. అందరు ఇండ్లకు మర్రినరు. నాకు మాత్రం కాళ్లు షెడ్డు దిక్కే పోయినయి. తాళం ఎయ్యొద్దన్నడు గదా.

నాగల్‌గిద్దకెళ్లి కొత్తగ వచ్చిన పిల్ల అప్పటికే కూసొని మొదటి కాయిల్ సుడుతుంది. ఇంట్ల కన్నడం మాట్లాడే పిల్ల, లెక్క మాత్రం లాభంతోనే మొదలువెట్టింది. ఆఖరు సుట్టు అయినంక చెయ్యి ఆపి నా దిక్కు చూసింది. నేను చాయ్‌పత్తి డబ్బ మూత తీసి ముంగటికి జరిపిన. కండ్లు తుడుసుకొని, పిల్ల ఒక్క జొన్నగింజ అండ్ల ఏసింది.