ఆ చెంప ఎవరిది?

ఫ్లెక్సు మిషను వేడెక్కగానే ఇంకు వాసన గుప్పున కొడుతుంది. నరసరావుపేటలో నా షాపుకి వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కోటయ్యగారు గుర్తొస్తారు. నాకు పని నేర్పిన యజమాని ఆయన. కంప్యూటర్లు రాకముందు గోడల మీద బొమ్మలు వేసేవారు. అరచేతిలో పట్టే ఫొటో మీద గళ్ళు గీసి, గోడ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, ఒక్కో గడీ నింపుకుంటూ మనిషిని నిలబెట్టేవారట. అందుకే కాబోలు, తెర మీద ముఖాన్ని కూడా ముక్కముక్కగా, తీరిగ్గా చూసేవారు.

ఆయన షాపులో నేను చేరిన కొత్తలో రెంటచింతల నుంచి మరియమ్మ అనే ఆవిడ వచ్చింది. వాళ్ళమ్మ పోయి ఏడాది. మర్నాడు చర్చిలో జ్ఞాపకార్థ పూజ. ఆరడుగుల ఫొటో కావాలి. ఆమె దగ్గరున్నది వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చిన పెళ్ళి ఫొటో. అందులో ఆ తల్లి ముఖం నా బొటనవేలి గోరంత. ఇంకో ఫొటో లేదు. కొత్తగా తెప్పించిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. క్షణాల్లో కనురెప్పల వెంట్రుకలతో సహా ముఖం నున్నగా తేలింది. నా పనితనానికి నేనే మురిసిపోయి తెర ఆమె వైపు తిప్పాను.

“ఎవరమ్మా ఈమె?” అంది మరియమ్మ. “మా అమ్మకి చెంపల నిండా స్ఫోటకం మచ్చలు. చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టుకుని నిద్రపోయేదాన్ని.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఫొటో పాడై పడ్డ చుక్కలనుకుని నేనే వాటిని తుడిపించాను.

కోటయ్యగారు తిట్టలేదు. కుర్చీ లాక్కుని తెరకేసి వింతగా చూశారు.

“ఏందమ్మాయ్, మరి ఈ చెంప ఎవరిది? మిషనుకి యాడ దొరికింది?”

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు చూసిన వేల ముఖాల్లోంచి ఎవరెవరి చెంపల్నో కలిపి అల్లి ఉంటుంది.

“తెలియంది అడగాల, కల్పించకూడదు,” అని ఆయన మరియమ్మ వైపు తిరిగారు. “ఫొటో తీసింది ఎవరి ఫోనమ్మా?”

“మాచర్లలో మా తమ్ముడిది.”

“వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపమను. లేకపోతే దారిలోనే నలిగిపోద్ది.”

అసలు ఫైలు వచ్చింది. మచ్చలున్నాయి. కానీ పెద్దది చేస్తే అంచులు కాస్త మసకబారాయి. ఇది పనికిరాదని గొణిగాను.

“చర్చిలో జనం ఎంత దూరాన కూర్చుంటారు? నువ్వు ముక్కు ఆనించి చూస్తే ఎట్టా?” అంటూ ముఖం వరకు ఆరడుగుల ఫొటోలో ఉండేంత సైజులో అచ్చు తీసి, షాపు బయటి గోడకి అంటించి, నన్ను రోడ్డు అవతలికి నడిపించారు. అక్కణ్ణుంచి మసక కనిపించలేదు. గోడ మీంచి ఒక పెద్దావిడ సూటిగా నన్నే చూస్తోంది.

తిరిగి వచ్చేసరికి మరియమ్మ ఆ గోడ ముందు నిలబడి, తల్లి చెంప మీద వేలు ఆనించి ఉంది.

కోటయ్యగారు ఇప్పుడు లేరు. మిషన్లు మాత్రం ఇంకా తెలివి మీరాయి. పెద్ద ఫొటో ఏది వచ్చినా ముందు ముఖం ముక్క అచ్చు తీసి ఇంటివాళ్ళ చేతికిస్తాను. వాళ్ళ వేలు దేన్ని వెతుక్కుంటుందో చూస్తాను. అది దొరికాకే మిగతా మనిషిని మిషను మీదికి పంపుతాను.